లండన్‌లో పుట్టి జపాన్‌లో నిలిచిన గోలీ సోడా బుడ్డి

వాసాబి సోడా. కూర మసాలా సోడా. టకోయాకి సోడా. ఈ చివరిది ఒసాకా వీధితిండి రుచి. మన గుంటపొంగణాల పెనం లాంటి దానిమీద ఆక్టోపస్ ముక్క పెట్టి వేసే పిండి ఉండలను టకోయాకి అంటారు. ఆ రుచిని సోడాలోకి దించినవాళ్ళూ ఉన్నారు. జపాన్‌లో పర్యాటకులు ఎగబడి కొని, ఒక గుక్క తాగి మొహం చిట్లించే ఈ వింత పానీయాలన్నిటినీ కలిపేది రుచి కాదు, బుడ్డి. మెడ దగ్గర నొక్కు, లోపల గాజు గోలీ. తెలుగువాళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. జపాన్‌లో ఆ పానీయాన్ని రమునే అంటారు.

దీని జన్మస్థలం మాత్రం జపానూ కాదు, ఇండియా కూడా కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో సోడా వ్యాపారికి పెద్ద శత్రువు బిరడా. నీళ్ళలోకి గ్యాసు ఎక్కించడం 18వ శతాబ్దపు శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీ కాలం నుంచీ తెలిసిందే, దాన్ని సీసాలో ఆపడమే రాలేదు. బెండు బిరడా ఎండితే కుంచించుకుపోతుంది, సందులోంచి గ్యాసు జారిపోతుంది. బిరడా ఎప్పుడూ తడిగా ఉండాలని, నిలబెట్టడానికి వీల్లేకుండా కోడిగుడ్డులా అడుగు గుండ్రంగా ఉండే సీసాలు కూడా చేశారు. అవి పడుకునే ఉండేవి, బిరడా తడుస్తూనే ఉండేది. తెలివైన పనే గానీ, బల్లమీద నిలబడని సీసాతో దుకాణదారుడు ఎంతకాలమని వేగుతాడు?

1838లో పుట్టిన హైరమ్ కాడ్ అనే ఇంజనీరు ఈ చిక్కును తిరగేసి చూశాడు. బిరడాను తోసేస్తున్నది గ్యాసే కదా, ఆ తోపుతోనే మూత బిగిస్తే? 1870ల మొదట్లో ఆయన పేటెంటు పొందిన సీసాలో గోలీ లోపలే ఉంటుంది. మూతి లోపలి గాడిలో రబ్బరు వాషరు. సోడా నింపేటప్పుడు బుడ్డిని తలకిందులు చేస్తే గోలీ మూతికి జారుతుంది, గ్యాసు దాన్ని రబ్బరుకేసి అదిమిపెడుతుంది. ఎండకు గ్యాసు ఒత్తిడి పెరిగిందనుకోండి, బెండు బిరడా అయితే ఎగిరిపోతుంది. గోలీ మాత్రం మరింత బిగుస్తుంది. ప్రమాదం ఎంత పెరిగితే తాళం అంత గట్టిపడే ఈ ఏర్పాటుకు మించిన తెలివి సోడా చరిత్రలో నాకు కనిపించదు.

గోలీ మీద పడే బలం ఎంత? లోపలి ఒత్తిడి బయటికన్నా 3 వాతావరణాలు ఎక్కువనీ, వాషరు రంధ్రం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరనీ అనుకుంటే, దాదాపు 3 కిలోల బరువు. బొటనవేలితో నొక్కితే లొంగేంత, తనంతట తాను జారనంత. ఒక్కసారి సందు పడిందంటే గ్యాసు కీచుమని బయటికి పోతుంది, తోపు తగ్గుతుంది, గోలీ మెడలోకి పడుతుంది.

కాడ్ వ్యాపారంలోనూ గట్టివాడే. సీసాలు ఎవరైనా లైసెన్సు కట్టి చేసుకోవచ్చు, కానీ గోలీలు, రబ్బరు వాషర్లు, గాడి చెక్కే పనిముట్టు తన దగ్గరే కొనాలి. ఆయన 1887లో పోయాడు. మరో అయిదేళ్ళకు, 1892లో, అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూతకు పేటెంటు తీసుకున్నాడు. ఆ వెనకే సీసాలు ఊదే యంత్రాలు వచ్చాయి. గాజుపనివాడు చేత్తో నొక్కి తీర్చే మందపాటి బుడ్డి వాటితో ధరలో పోటీ పడలేకపోయింది. గోలీల కోసం బుడ్లు పగలగొట్టే పిల్లలు ఉండనే ఉన్నారు. పుట్టింట్లో దాని కథ అలా ముగిసింది.

అప్పటికే అది కోబే రేవులో దిగింది. అక్కడ విదేశీయుల పేటలో మందుల వ్యాపారం చేసే స్కాట్లండ్ వాడు అలెగ్జాండర్ కామెరాన్ సిమ్, 1884లో ఈ బుడ్డిలో నిమ్మరుచి సోడా పోసి అమ్మాడు. కలరా భయపెడుతున్న రోజులవి. గ్యాసు ఉన్న పానీయం తాగితే కలరా రాదన్న ప్రచారం పత్రికలకెక్కి అమ్మకాలు పెంచింది. ఇందులో సగం ఆశ, సగం వ్యాపారం. కలరా క్రిమికి ఆమ్లం గిట్టదన్న మాట నిజమే, అంతమాత్రాన సోడా మందైపోదు. మొదట్లో బుడ్లు బయటినుంచి తెప్పించుకున్నారు. 1890ల్లో ఒసాకా గాజు కార్మికులు స్వయంగా చేయడం నేర్చారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ యుద్ధనౌక యమాటోలో కూడా నావికుల కోసం రమునే తయారుచేసే ఏర్పాటు ఉండేది.

మరి సోడాలోకి వాసాబి అనే ఘాటు దుంప రుచి ఎక్కడినుంచి వచ్చింది? చిన్న వ్యాపారాల్లోకి పెద్ద కంపెనీలు జొరబడకుండా జపాన్ 1977లో చట్టం చేసింది. ఆ రక్షణ దొరికిన సరుకుల్లో రమునే ఒకటి. రమునే అనిపించుకోవాలంటే గోలీ బుడ్డి ఉండాలి, లోపలి ద్రవం ఏదైనా ఫరవాలేదు. కాబట్టి ఈ రంగం చిన్న సంస్థల చేతిలోనే మిగిలింది. ప్రకటనలకు డబ్బులేని చిన్న సంస్థకు వింత రుచే ప్రకటన. షిజుఓకా ప్రాంతంలోని కిమురా ఇన్ర్యో వాసాబి రమునే, కూర రమునే తెచ్చింది. ఒసాకాలోని హాతా కోసెన్ టకోయాకి రమునే తెచ్చింది. షిజుఓకా వాసాబి పండే నేల కూడా.

వాసాబిలో ముక్కుకెక్కే ఘాటు, ఆవకాయకు ఆవపిండి తడిపినప్పుడు వచ్చే ఘాటు ఒకే రసాయనానివి. దాని పేరు అల్లైల్ ఐసోథయోసయనేట్. తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం కనుక నాలుకను వదిలి ముక్కు పట్టుకుంటుంది. గ్యాసు బుడగలతో కలిస్తే చెప్పక్కర్లేదు. ఆవఘాటుకు అలవాటుపడ్డ తెలుగు నాలుకకు వాసాబి రమునే భయపెట్టే సరుకేమీ కాదు. కూర మసాలా వాసన వేసే తియ్యటి నీళ్ళను మాత్రం నేను సమర్థించలేను.

మన దగ్గర బుడ్డి బతికిన కారణం వేరు. జపాన్‌లో అది వేసవి జాతర సరదా, మనకు పొదుపు. మూత కొనక్కర్లేదు, బుడ్డి కడిగి మళ్ళీ నింపుకోవచ్చు, బండిమీద ఊరంతా తిప్పొచ్చు. ఉత్తరప్రదేశ్‌లో హాథ్రస్ దగ్గరి సాస్ని గాజు కొలిమిల నుంచి ఈ బుడ్లు వస్తున్నాయి. కొత్త బ్రాండ్ల పేర్లతో గోలీ సోడా మళ్ళీ దుకాణాల్లోకి చేరుతోంది. బుడ్డి కడిగే నీళ్ళ శుభ్రత గురించి అమ్మేవాళ్ళు ఇంకా శ్రద్ధ పెట్టాలి. ఆ మెడలోకి బ్రష్ దూరడం కష్టమే.

జపాన్ వెళితే మొదట మామూలు రమునే తీసుకోండి, వింతలు తర్వాత. తాగేటప్పుడు మెడమీది రెండు నొక్కులు కిందివైపు ఉండేలా బుడ్డిని వంచండి. గోలీ వాటిమీద ఆగుతుంది, సోడాకు అడ్డుపడదు.