డబ్బా కూడా సర్క్యూట్‌లో భాగమే

మా కొత్తకోటలో నేను ఆంప్లిఫయర్లు బాగు చేస్తాను, అడిగినవాళ్లకు కొత్తవి బిగించి ఇస్తాను. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఏ ఐసీ వెయ్యాలి, ఎన్ని వాట్లు వస్తాయి అనే. హైదరాబాదు వెళ్లి కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కొనుక్కొస్తారు. తీరా బిగించేది ప్లైవుడ్ ముక్క మీదో, పాత డీవీడీ ప్లేయర్ డబ్బాలోనో. పాట వినిపించగానే పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ ఆంప్లిఫయర్ ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఎంత శుభ్రంగా పాడుతుంది, ముట్టుకున్న మనిషికి ఎంత భద్రం అన్నవి తేల్చేది దాని క్యాబినెట్టే.

ఫోను నుంచి వచ్చే పాట సిగ్నల్ ఒక వోల్టు, ఇంకా చెప్పాలంటే అంతకన్నా తక్కువే. దాన్ని స్పీకరును కదిలించేంత బలానికి పెంచడం ఆంప్లిఫయర్ పని. ఆ బలం గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటు నుంచి రావాలి. అంటే ఒకే డబ్బాలో ఒక మూల ప్రాణం తీయగల కరెంటు, ఇంకో మూల అతి సున్నితమైన సిగ్నల్, వాటి నడుమ వేడి. ఈ మూడూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా చూడటమే క్యాబినెట్ డిజైన్ అంటే.

ముందు వేడి సంగతి

ఇంట్లో చేసుకునే ఆంప్లిఫయర్లలో బాగా పేరున్న ఐసీ ఎల్‌ఎం 3886. దానికి ప్లస్, మైనస్ 25 వోల్టుల సప్లై ఇచ్చి 8 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే సుమారు 30 వాట్లు వస్తాయి. ఇల్లు నిండడానికి అది చాలు. మరి వేడి? లెక్క కడితే ఒక్కో ఐసీ నుంచి గరిష్ఠంగా 16 వాట్ల దాకా వేడి వస్తుంది. స్టీరియోకు రెండు ఐసీలు కాబట్టి 32 వాట్లు. పైగా ఈ రకం ఆంప్లిఫయర్ ఎక్కువ వేడెక్కేది ఫుల్ వాల్యూమ్‌లో కాదు, అందులో సగానికి కాస్త తక్కువ పవర్ ఇస్తున్నప్పుడు.

ఐసీ వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మె హీట్ సింక్. దానికి ఒక అంకె ఉంటుంది. ఒక్క వాటు వేడి ఇస్తే అది చుట్టూ ఉన్న గాలి కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందో ఆ అంకె చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే హీట్ సింక్ అంత పెద్దది. రెండు ఐసీలూ ఒకే హీట్ సింక్ మీద ఉన్నాయనుకుని, అది 70 డిగ్రీలు దాటకూడదని పెట్టుకుందాం. పుస్తకాల్లో గది వేడి 25 డిగ్రీలని రాస్తారు. అప్పుడు మిగిలిన 45 డిగ్రీలను 32తో భాగిస్తే 1.4 వస్తుంది. మా పాలమూరు ఎండాకాలంలో గదిలోనే 42 డిగ్రీలుంటే మిగిలేది 28 డిగ్రీలే. అప్పుడు 0.9 కంటే తక్కువ అంకె ఉన్న హీట్ సింక్ కావాలి. చల్లని దేశపు డిజైన్‌ను ఉన్నదున్నట్టు దించుకుంటే మే నెలలో అది ఆగి ఆగి పాడుతుంది. ఎల్‌ఎం 3886 లోపలి చిప్ 165 డిగ్రీలకు చేరితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంది. కానీ రోజూ అంతదాకా పోనిస్తే ఏ చిప్పూ ఎక్కువ కాలం నిలవదు.

మాది చేనేత ఊరు. మగ్గాల దగ్గర పొద్దంతా పాటలు మోగుతూనే ఉంటాయి కాబట్టి ఆంప్లిఫయర్‌కు విశ్రాంతి ఉండదు. దానికి తోడు నూలు దుమ్ము. అందుకే హీట్ సింకులను డబ్బా లోపల దాచను, రెండు పక్కలా బయటికే పెడతాను. రెక్కలు నిలువుగా ఉండాలి. వేడెక్కిన గాలి పైకి పోతుంటే కింద నుంచి చల్లగాలి దానంతట అదే వస్తుంది. అడ్డంగా పెడితే గాలి రెక్కల మధ్యే చిక్కుకుంటుంది. అడుగు రేకుకూ మూతకూ గాలి సందులు పెట్టి, కింద రబ్బరు కాళ్లు వేస్తాను. సందు వెడల్పు 3 మిల్లీమీటర్లు దాటనివ్వను. దాటితే బల్లులు దూరతాయి. వెచ్చదనానికి లోపలికి చేరిన బల్లి రెండు టెర్మినళ్ల మీద పడి ఫ్యూజు కొట్టేసిన సెట్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

లోహం ఎంపిక కూడా ఇక్కడే తేలాలి. వేడిని మోయడంలో ఇనుము కంటే అల్యూమినియం దాదాపు నాలుగు రెట్లు మెరుగు. మెరుస్తుంది కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాకు ఐసీ బిగించేవాళ్లున్నారు. అది ఇనుము మోసే వేడిలో మూడో వంతు మోయడమే కష్టం. ఇంకో జాగ్రత్త: ఎల్‌ఎం 3886 మామూలు రకంలో వెనకున్న లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్ లేకుండా హీట్ సింక్‌కు బిగిస్తే క్యాబినెట్ మొత్తానికి ఆ సప్లై అంటుకుంటుంది. బిగించాక మల్టీమీటరుతో చూసి తీరాలి.

హమ్ ఎక్కడి నుంచి వస్తుంది

పాట లేనప్పుడు స్పీకర్లోంచి గుయ్‌మనే మోత వస్తే అందరూ బోర్డును తప్పుపడతారు. ఎక్కువసార్లు తప్పు అమరికది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ఇన్‌పుట్ తీగ దాని పక్క నుంచి పోతే ఆ మోతను పట్టుకుంటుంది. అల్యూమినియం ఈ క్షేత్రాన్ని దాదాపు ఆపలేదు, ఇనుప రేకు చాలావరకు తనలోకి లాక్కుంటుంది. అందుకే నా క్యాబినెట్లకు అడుగు, మూత ఇనుపవి, పక్కలు అల్యూమినియం హీట్ సింకులు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక చివర, ఇన్‌పుట్ సాకెట్లు రెండో చివర. 230 వోల్టుల తీగలను మెలేసి మూల వెంట తీసుకుపోతాను. వాల్యూమ్ గుండీ ముట్టుకోగానే మోత తగ్గిందంటే డబ్బాకు ఎర్త్ సరిగా అందలేదని అనుమానించాలి.

అమరిక ఎంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ ఒకటి. 1999 ప్రాంతంలో జపాన్‌లోని 47 ల్యాబొరేటరీ అనే కంపెనీ గెయిన్‌కార్డ్ అనే చిన్న ఆంప్లిఫయర్ తెచ్చింది. లోపల ఎల్‌ఎం 3875 ఐసీ, కొద్దిపాటి విడిభాగాలు, పొట్టి తీగలు, చిన్న అల్యూమినియం పెట్టె. ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం వేరే డబ్బాలో పెట్టారు. దాన్ని చూసి ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు ఇళ్లలో తయారు చేసుకున్నారు. వాటికి గెయిన్‌క్లోన్ అనే పేరు స్థిరపడింది. అంత తక్కువ సామానుతో మంచి పేరు తెచ్చుకున్న ఆ సెట్టులో పెట్టె అమరిక పాత్ర చిన్నది కాదు.

బ్లూటూత్ బోర్డు పెట్టేవాళ్లకు ఒక మాట. చుట్టూ రేకు మూసేస్తే సిగ్నల్ లోపలికి రాదు. యాంటెన్నాను బయటికి తీయాలి, లేదా ముందు ప్యానెల్‌ను టేకు చెక్కతో చేసుకోవాలి. చూడ్డానికి కూడా అది అందమే.

గీత, కోత, మడత

ముందు సామాన్లన్నీ కొనాలి, ఆ తర్వాతే గీయాలి. సాకెట్, స్విచ్, వాల్యూమ్ కంట్రోల్ ఒక్కో కంపెనీవి ఒక్కో సైజులో ఉంటాయి. వెర్నియర్‌తో కొలిచి, గ్రాఫ్ కాగితం మీద అసలు సైజులో గీసి, ముందు అట్టతో డబ్బా చేసి చూస్తాను. చేయి లోపలికి పోతుందా, స్క్రూ డ్రైవర్ తిరుగుతుందా అన్నది అట్ట డబ్బాలోనే తెలిసిపోతుంది.

రేకు పనికి దూరం పోనక్కర్లేదు. బీరువాలు, కూలర్లు చేసే షాపులో కోసే మిషను, మడిచే మిషను రెండూ ఉంటాయి. "గింత డబ్బకు ఇన్ని బొక్కలెందుకన్నా?" అని అడిగిన బీరువా మేస్త్రీకి వేడిగాలి సంగతి చెప్పాక, ఇప్పుడు సందుల వరస ఆయనే నాకంటే శ్రద్ధగా కొడుతున్నాడు. ఇనుప రేకు 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్ల మందంలో తీసుకుంటాను. 22 గేజి చవకే కానీ రెండు కిలోల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అడుగు కుంగుతుంది, పాటతోపాటు రేకూ అదురుతుంది.

మడతకు లెక్క ఉంది. అడుగు 250 మిల్లీమీటర్లు, ముందూ వెనకా 75 చొప్పున పైకి మడవాలంటే కూడిక ప్రకారం 400 కోయాలి. మడిచేచోట రేకు సాగుతుంది కాబట్టి ఒక్కో మడతకు సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గించి 396 కోయాలి. బెజ్జాలు మడతకు ముందే, రేకు చదునుగా ఉన్నప్పుడే వేయాలి. ఒకే డిజైన్ పది ముక్కలు కావాలంటే కంప్యూటర్లో గీసి హైదరాబాదులో జీడిమెట్ల, బాలానగర్ వైపు లేజర్ కటింగ్ చేయించుకోవచ్చు. ఒక్కదానికైతే బీరువా షాపే మేలు.

టొరాయిడ్ అనే గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాళ్లు దాని నడిమి బోల్టును గమనించాలి. బోల్టు పై కొస మూతకు తగిలితే బోల్టు, మూత, డబ్బా గోడ, అడుగు కలిసి ఒక పూర్తి తీగ చుట్టు అవుతుంది. అందులో విపరీతమైన కరెంటు పారి ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. కొసకూ మూతకూ మధ్య 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి.

ఎర్త్ లేని డబ్బా వద్దు

లోహపు డబ్బా రక్షణ ఇచ్చేది ఎర్త్ ఉన్నప్పుడే. లోపల ఫేస్ తీగ ఊడి రేకుకు తగిలితే, ఎర్త్ ఉన్న డబ్బాలో ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేకపోతే ముట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. పవర్ సాకెట్ పక్కనే ఒక బోల్టును ఎర్త్ కోసమే కేటాయించాలి. పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు, కాబట్టి అక్కడ పెయింటు గీకి పళ్ల వాషరు వేసి బిగించాలి. ఎర్త్ తీగను మిగతా రెండింటికంటే పొడవు వదలాలి. తీగను ఎవరైనా గుంజితే చివరగా ఊడేది అదే కావాలి. మూతకు కూడా విడిగా ఒక తీగ కలపాలి. తర్వాత ప్లగ్గు లావు పిన్నుకూ డబ్బాలోని ప్రతి లోహపు ముక్కకూ మధ్య మీటరు దాదాపు సున్నా ఓమ్‌లు చూపాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల పాత రకం బల్బును సిరీస్‌లో పెట్టండి. బల్బు వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు.

ఇంట్లో ఎర్త్ గుంత సరిగా లేకపోతే ఇదంతా వృథా. మా చల్క నేలలు నీటిని నిలుపుకోవు, ఎండాకాలం గుంత ఎండిపోయి ఎర్త్ పనిచేయదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వారానికోసారి నీళ్లు పోయడం ఇంటివాళ్ల పని.

ఆంప్లిఫయర్ చేయాలనుకునే ప్రతి ఒక్కరికీ నా మనవి. బోర్డుకు పెట్టినంత డబ్బు క్యాబినెట్‌కూ పెట్టండి, దానికంటే ఎక్కువ సమయం దాని గీతకు పెట్టండి. మూడో పిన్ను లేని ప్లగ్గు తగిలించి, చెక్క మీద పరిచిన బోర్డును పిల్లలు తిరిగే ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచకండి.