బండి మీద గీత: లైనింగ్‌కు కుంచె, రంగు

లారీ క్యాబిన్ తలుపు అంచున, ట్రాక్టర్ మడ్‌గార్డు వంపు మీద, బుల్లెట్ పెట్రోలు ట్యాంకు చుట్టూ కనిపించే సన్నటి రంగు గీతను గీసే పనే లైనింగ్. గీత వెడల్పు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పొడవు మాత్రం ఒక్కోసారి లారీ బాడీ అంత ఉంటుంది. రెండు రంగులు కలిసే అతుకును కప్పడం, రేకు వంపును ఎత్తి చూపడం దాని పని. గుర్రపు బండ్ల కాలంలో ఐరోపాలో చక్రాల ఆకుల మీద, బండి పెట్టెల మీద ఈ గీతలు ఉండేవి. మోటారు కార్లు వాటిని అక్కడి నుంచే అందుకున్నాయి. 1950లలో కాలిఫోర్నియాలో వాన్ డచ్‌గా పేరుపడ్డ కెన్నెత్ హోవార్డ్ వీటిని అంచు నుంచి బానెట్ మధ్యకు తెచ్చి, అల్లికలుగా మార్చి, సొంత కళగా నిలబెట్టాడు. ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో తయారయ్యే రోల్స్ రాయిస్ కార్లకు పక్క గీతను ఇప్పటికీ ఉడుత వెంట్రుకల కుంచెతో చేత్తోనే గీస్తారు.

మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసుది. 1955లో అక్కడ మొదలైన ఎన్‌ఫీల్డ్ కంపెనీ బుల్లెట్ ట్యాంకు మీద బంగారు రంగు గీతను తరతరాలుగా చేత్తోనే గీయిస్తోంది. నల్ల ట్యాంకు మీద ఆ గీతను దగ్గరగా చూస్తే మొదలు, చివర కలిసిన చోటు చిన్నగా తెలుస్తుంది. చేతి పని అనడానికి అదే గుర్తు.

కడప జిల్లాలో ఈ పనికి తావు తక్కువేమీ కాదు. ఎర్రగుంట్ల, చిలంకూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి, అక్కడి నుంచి సిమెంటు మోసే లారీలు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రోడ్ల మీద రాత్రింబగళ్లు తిరుగుతాయి. పులివెందుల పక్క చీనీ తోటలకు, అరటి తోటలకు ట్రాక్టర్ లేనిదే పూట గడవదు. నేషనల్ పర్మిట్ లారీకి ఎండుటాకు గోధుమ రంగు, తెల్లటి అంచు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే ఒకప్పుడు చెప్పేవి. అంటే అప్పట్లో అంచు గీయడం కొంతవరకు చట్టం అడిగిన పని కూడా. కానీ పెయింటర్లకు కూడు పెట్టిన అసలు పని నంబరు ప్లేటు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు కంపెనీల నుంచే బిగించి రావడంతో ఆ పని చేజారింది. పేర్లు, దేవుడి బొమ్మలు రేడియం స్టిక్కర్ల షాపులకు వెళ్లాయి. వంపు తిరిగిన రేకు మీద సన్నటి గీత దగ్గర మాత్రం స్టిక్కరు ఇంకా తడబడుతుంది. మలుపులో ముడత పడుతుంది, ఎండకు అంచు లేస్తుంది. ఇప్పుడు కొత్తగా కుంచె పట్టాలనుకునేవారికి ఉన్న చోటు అది.

కొత్తవాళ్లు గీత వంకర పోతే చెయ్యి వణికిందనుకుంటారు. చాలాసార్లు తప్పు కుంచెది, అంతకంటే ఎక్కువసార్లు రంగు పలుచనది. అందుకే ఈ రెంటినీ అర్థం చేసుకున్నాకే గీత జోలికి పోవడం మంచిది.

లైనింగ్‌కు ప్రత్యేకంగా చేసిన కుంచెను కత్తి కుంచె అనవచ్చు. పిడి పొట్టిగా, వేళ్ల మధ్య ఇమిడేలా ఉంటుంది. వెంట్రుకలు దాదాపు ఐదు సెంటీమీటర్ల పొడవు. పిడి దగ్గర దట్టంగా మొదలై, ఒక పక్క ఏటవాలుగా కోసినట్టు సాగి, మొనకు వచ్చేసరికి నాలుగైదు వెంట్రుకలే మిగులుతాయి. దట్టంగా ఉన్న పొట్ట భాగం రంగును దాచుకుంటుంది, మొన దాన్ని కొద్దికొద్దిగా వదులుతుంది. బళ్లో పిల్లలు వాడే పొట్టి బ్రష్షుతో జానెడు గీత గీసేసరికి రంగు అయిపోయేది ఈ పొట్ట లేకపోవడం వల్లే. గోడలకు వాడే పంది వెంట్రుకల బ్రష్షు గట్టిది కాబట్టి రంగులో చాళ్లు మిగులుస్తుంది.

ఉడుత వెంట్రుక మెత్తన. వంగితే వెంటనే వెనక్కి లేవదు, రేకు మీద పడుకుని ఉంటుంది. ఆ బద్ధకమే లైనింగ్‌కు పనికొచ్చేది. చేతి వణుకు వెంట్రుకల్లోనే అణిగిపోయి గీత దాకా చేరదు. ఈ రకం కుంచెలకు పేరున్న మ్యాక్ కంపెనీ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1891లో మొదలైంది. కుంచె సైజు నంబరులో సున్నాలు ఎక్కువున్న కొద్దీ కుంచె సన్నం. మొదటి కుంచెగా 00 గానీ 0 గానీ సరిపోతుంది. మరీ సన్నటిది కొంటే రంగు పట్టక విసుగు పుడుతుంది. నైలాన్ రకానివి చౌక. అవి వంగి మళ్లీ లేస్తాయి, రంగు తక్కువ పట్టుకుంటాయి. చిన్న మెలికలకు అవే హాయి అనేవాళ్లూ ఉన్నారు.

కత్తి కుంచె మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరికే సరుకు కాదు, సాధారణంగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. అది వచ్చేదాకా బొమ్మలు వేసేవారికి అమ్మే, పొడవాటి వెంట్రుకల సన్నటి రౌండ్ బ్రష్షుతో సాధన చేయవచ్చు. పాత మెత్తటి ఫ్లాట్ బ్రష్షును బ్లేడుతో ఏటవాలుగా కోసి కత్తి కుంచెగా మార్చుకునే పద్ధతీ ఉంది. కోసిన కొసలు మొద్దుబారి, గీత అంచు అంత శుభ్రంగా రాదు. నేర్చుకునేందుకు మాత్రం చాలు.

కుంచెల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. మన దేశంలో ముంగిస వెంట్రుకల బ్రష్షులు చాలాకాలం చాటుగా అమ్ముడయ్యాయి. ముంగిస 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, దాని వెంట్రుకలతో చేసిన బ్రష్షును అమ్మడం నేరం. 2019 అక్టోబరులో వన్యప్రాణి నేర నియంత్రణ విభాగం ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో వీటి మీద దేశవ్యాప్తంగా దాడులు చేసింది. ఏ వెంట్రుకో షాపువాడు చెప్పలేకపోతే ఆ బ్రష్షును వదిలేయడమే మేలు.

రంగుకు వస్తే, తలుపులకు, గేట్లకు వేసే సింథటిక్ ఎనామిల్‌తోనే మొదలుపెట్టవచ్చు. ఊళ్లోనే 50, 100 మిల్లీలీటర్ల చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. ఇది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి పొడుగాటి గీతను తాపీగా లాగడానికి వ్యవధి ఇస్తుంది. కుంచె చాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు స్ప్రే గన్‌కు బాగుంటుంది గానీ కుంచె మీదే ఆరిపోతుంది. పైగా దాని థిన్నర్ కింది రంగును కరిగించి లేపుతుంది. విదేశాల్లో లైనింగ్‌వాళ్లు వాడే ‘వన్ షాట్’ అనే ఎనామిల్‌లో రంగు పొడి చాలా చిక్కగా ఉంటుంది, ఒకే పూతకు కింది రంగు కనబడదు. తలుపుల ఎనామిల్ అంత చిక్కన కాదు. తెలుపు, నలుపు బాగానే కప్పుతాయి. పసుపును నల్ల ట్యాంకు మీద గీస్తే ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. అందులో కొంచెం తెలుపు కలిపితే ఆ దోషం చాలావరకు పోతుంది.

పలుచన చేయడానికి మినరల్ టర్పెంటైన్ వాడాలి. పెట్రోలు ఈ పనికి తగదు, ప్రమాదం కూడా. కిరోసిన్ చుక్క వేస్తే రంగు నిదానంగా ఆరుతుంది, ఎక్కువైతే మెరుపు చచ్చి జిడ్డు మిగులుతుంది. ఎంత కలపాలో చెంచాల లెక్క చెప్పడం కష్టం, ఎందుకంటే మే నెల ప్రొద్దుటూరులో సరిపోయిన కొలత డిసెంబరులో సరిపోదు. కొలత చెప్పేది అట్ట. మెరుపు కాగితపు అట్ట మీద కొద్దిగా రంగు పోసి, పక్కన టర్పెంటైన్ చుక్కలు వేసి, కుంచెను రెండు వైపులా పడుకోబెట్టి ముందుకీ వెనక్కీ లాగుతూ ఉండాలి. మొదట కుంచె జారుతుంది. కాసేపటికి అట్ట వెంట్రుకలను సన్నగా పట్టుకుని లాగినట్టు అనిపిస్తుంది, కుంచె అంచు కత్తిలా పలచబడుతుంది. అప్పుడు రంగు సిద్ధం. గీత మధ్యలో తెగుతుంటే రంగు చిక్కన. అంచులు పాకి, గీత గాజులా పారదర్శకంగా ఉంటే పలుచన. ఇక్కడ ఓపిక పట్టనివారికి ఎంత ఖరీదు కుంచె ఇచ్చినా లాభం ఉండదు. గీత తెగిన ప్రతిసారీ కొత్తగా రంగు ముంచుకోవడం కంటే అట్ట దగ్గరికి వెళ్లి రెండు లాగుళ్లు లాగడం మంచిది.

సాధనకు కిటికీ అద్దం ముక్క తీసుకోవాలి. వెనక వైపు నల్ల రంగు వేసుకుంటే బండి మీద గీసినట్టే ఉంటుంది, ముందు వైపు గీతలను టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ గీసుకోవచ్చు. ఇంట్లో ఉంది కదా అని కడప బండ మీద మొదలుపెడితే ఇబ్బంది. పాలిష్ చేసిందైనా అది సున్నపురాయే, నూనె మరక పీల్చుకుంటుంది.

కుంచెను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, చిటికెన వేలిని గానీ ఉంగరపు వేలిని గానీ రేకు అంచుకు ఆనించి దారిగా వాడాలి. కుంచె రేకు మీద దాదాపు పడుకుని ఉండాలి, గీతను తన వైపు లాగాలి. మణికట్టు తిప్పకూడదు, చెయ్యి బిగబట్టకూడదు. పొడుగాటి గీతకు భుజం కదలాలి, లారీకైతే మనిషే వెనక్కి నడవాలి. వాకిట్లో ముగ్గు వేసేవారు చెయ్యి ఆపితే పిండి ఒకచోట కుప్పపడ్డట్టే, కుంచె ఆగినచోట గీత ఉబ్బుతుంది. వెడల్పు ఒత్తిడి మీద ఆధారపడుతుంది: మొన ఒక్కటే తగిలితే సన్నం, పొట్ట కూడా ఆనితే లావు. కళ్లు కుంచె మొన దగ్గర కాక, గీత వెళ్లాల్సిన చోట ఉండాలి. మొదట మూరెడు పొడవు సమాంతర గీతలు, అవి ఒకే మందంలో వచ్చాక విల్లు వంపు, తర్వాత రెండు వంపుల మెలిక, చివరగా లావుగా మొదలై సన్నగా ముగిసే కన్నీటి చుక్క ఆకారం. బొమ్మ రెండు పక్కలా ఒకేలా రావాలంటే మధ్య గీతను ముందే గుర్తించుకోవాలి.

అద్దం మీద చెయ్యి కుదిరాక బండి దగ్గరికి వెళ్లవచ్చు. రేకును సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, పాలిష్ తాలూకు మైనం పోయేలా టర్పెంటైన్ గుడ్డతో తుడవాలి. సిలికాన్ పాలిష్ మిగిలితే రంగు అక్కడ నిలవక చేప కళ్లలా గుంటలు పడుతుంది. సిమెంటు లారీ మీద ఈ శుభ్రానికే సగం పూట పడుతుంది, అయినా దాన్ని తగ్గించడానికి లేదు. తిన్నటి గీతకు సుద్ద పట్టించిన దారాన్ని రెండు కొసలా లాగి పట్టి కొడితే గుర్తు పడుతుంది. గుర్తు మీద కాకుండా దాని పక్కన గీయాలి, ఎందుకంటే సుద్ద పొడి కుంచెలో చేరితే అంచు చెడుతుంది. టేపు అంటించి మధ్యలో రంగు నింపే పద్ధతి సులువే గానీ, టేపు తీసినప్పుడు అంచు గట్టులా లేస్తుంది. టేపును దారి చూపడానికి, ఒక పక్కన మాత్రమే వాడటం మేలు. ఎండలో కాలిన రేకు మీద కుంచె అతుక్కుంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో తెల్లవారుజామునో, నీడలోనో చేసే పని ఇది.

తప్పు పోతే భయం లేదు. కింది రంగు పూర్తిగా గట్టిపడి ఉంటే, తడి గీతను టర్పెంటైన్ తడి గుడ్డ చుట్టిన వేలితో ఒకే తుడుపులో తీసేయవచ్చు. చిన్న వంకరను దిద్దబోతే పెద్దదవుతుంది. గీత మొత్తం తుడిచి మళ్లీ లాగడమే దగ్గరి దారి.

బంగారు రంగు గీత అడిగేవాళ్లు ఎక్కువ, బంగారం అంగళ్లకు పేరున్న ప్రొద్దుటూరులో మరీనూ. డబ్బాలో దొరికే బంగారు రంగులో సాధారణంగా ఉండేది రాగి, జింకు కలిసిన పొడి. ఆరుబయట ఎండకూ వానకూ అది కొన్నాళ్లకు నల్లబడుతుంది. అసలు బంగారు రేకు నల్లబడదు. దానికి ముందు జిగురు వార్నిష్‌తో గీత గీసి, అది కొంచెం జిగటగా ఉండగా రేకును ఆనించి, మిగిలినదాన్ని మెత్తటి బ్రష్షుతో దులపాలి. మొదటి ఏడాదిలో తలపెట్టాల్సిన పని కాదు.

ఎనామిల్ గీత కొన్ని గంటల్లో చేతికి అంటడం మానుతుంది, ఒక రాత్రి గడిస్తే గట్టిపడుతుంది. పూర్తిగా పండటానికి ఇంకా రోజులు పడుతుంది. ఆలోపు బండిని రుద్ది కడగకూడదు. గీత మీద మెరుపు కోసం పీయూ (పాలీయురెథేన్) క్లియర్ కొట్టిస్తే, పండని ఎనామిల్ ముడతలు పడి లేస్తుంది. పీయూ గట్టిపరిచే ద్రావకంలోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెచ్చేవి, ముక్కుకు గుడ్డ కడితే ఆగేవి కావు.

పని అయ్యాక కుంచెను టర్పెంటైన్‌లో రెండు మూడు సార్లు జాడించి, పిడి దగ్గర దాగిన రంగు కూడా పోయిందో లేదో తెల్ల గుడ్డ మీద చూసి, ఇంజిన్ ఆయిల్ పట్టించి, వేళ్లతో కత్తి ఆకారానికి తెచ్చి పడుకోబెట్టి దాచాలి. మళ్లీ వాడేముందు ఆ ఆయిల్‌ను టర్పెంటైన్‌తో కడిగేయాలి. అవిసె నూనె వాడితే వెంట్రుకల్లోనే గట్టిపడి కుంచె పాడవుతుంది. గ్లాసులో మొన కిందికి పెట్టి వదిలేస్తే వెంట్రుకలు వంగిపోయి ఇక తిన్నగా రావు.

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. పరిశ్రమలకు అమ్మే రంగులు దాని కిందికి రావు. పసుపు, నారింజ రంగు డబ్బాల మీద సీసం లేదన్న ముద్ర చూసి కొనాలి, కుంచె మొనను నోటితో తడిపే అలవాటు మానాలి, పాత లారీ రంగును పొడిగా రుద్దకుండా నీళ్లు పోస్తూ రుద్దాలి. ఎనామిల్, అవిసె నూనె అంటిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని విడదీసి ఆరుబయట పరచాలి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి మూత పెట్టాలి.