నట్ ఎక్కినంత మాత్రాన సరిపోదు: 1956 ఫోర్డ్ ట్రక్‌కి కలగాపులగం పార్టులతో బ్రేక్ లైన్లు

ఇక్కడ ఇప్పటిదాకా నేను ఛార్జర్లు, కేబుళ్ళు, పవర్ బ్యాంకుల గురించే రాశాను. ఇవాళ పాత ట్రక్ బ్రేకుల గురించి. సంబంధం ఏంటంటారా? టైప్-సి పోర్ట్‌లో ఏ టైప్-సి కేబుల్ అయినా దూరుతుంది. కానీ ఫాస్ట్ ఛార్జింగ్ వస్తుందా, డిస్‌ప్లే వస్తుందా అన్నది బయటి నుంచి చూస్తే తెలియదు. బ్రేక్ పార్టుల్లో కూడా అచ్చం ఇదే గొడవ. కాకపోతే కేబుల్ తప్పయితే ఫోన్ నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. ఇక్కడ తప్పయితే రెడ్ లైట్ దగ్గర బండి ఆగదు.

ఆఫీసు పని మీద ఎనిమిది నెలలు డాలస్ దగ్గర ఉన్నాను. పక్కింట్లో ఉండే రిటైరైన పెద్దాయన తన గ్యారేజీలో 1956 ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌ని మళ్ళీ రోడ్డెక్కిస్తున్నాడు. శని, ఆదివారాలు చేతి సాయానికి వెళ్ళేవాణ్ణి. నాది కంప్యూటర్ సైన్స్. హైడ్రాలిక్స్‌లో నాకొచ్చిందల్లా ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రం. మొదటి వారమే అర్థమైంది, ఆ ఒక్క సూత్రంతోనే సగం పని నడుస్తుందని.

ఈ ట్రక్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ళ కింద, ఫ్లోర్‌కి అడుగున ఉంటుంది. అన్నిటికీ కలిపి ఒకటే సర్క్యూట్. అంటే ఏ చక్రం దగ్గర పైపు పగిలినా నాలుగు బ్రేకులూ పోయినట్టే. అమెరికాలో కొత్త కార్లకి రెండు సర్క్యూట్ల బ్రేకులు తప్పనిసరి అయింది 1968లో. కాబట్టి మొదటి నిర్ణయం తేలికే: పాత మాస్టర్ సిలిండర్ తీసేసి, ముందు చక్రాలకి ఒక గది, వెనక చక్రాలకి ఒక గది ఉన్న డ్యుయల్ సిలిండర్ పెట్టడం.

మిగతాదంతా అతుకుల బొంత. ముందు సస్పెన్షన్ 70ల నాటి మస్టాంగ్ 2 డిజైన్‌లో వచ్చే కిట్. దాని మీద ఫోర్డ్ గ్రనాడా తరహా 11 అంగుళాల రోటర్లు, వాటికి జనరల్ మోటార్స్ కాలిపర్లు. వెనక యాక్సిల్ 90ల ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ది, డిస్క్ బ్రేకులతో సహా. ఇలాంటి కలయికలు అక్కడ మామూలే. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ పార్టులన్నిటినీ ఒకే బండిలో పెట్టి టెస్ట్ చేసిన ఫ్యాక్టరీ ఇంజినీర్ ఎవరూ లేరు. మన భాషలో చెప్పాలంటే ఇంటిగ్రేషన్ టెస్టింగ్ మొత్తం మన నెత్తి మీదే.

పెద్ద సిలిండర్ అంటే పెద్ద బ్రేక్ కాదు

నేను చేసిన మొదటి తప్పు ఊహ ఇది. మాస్టర్ సిలిండర్ ఎంత లావుంటే బ్రేక్ అంత గట్టిగా పడుతుందనుకున్నాను. నిజానికి రివర్స్. లెక్క చూడండి. మా పెడల్‌లో పివట్ నుంచి కాలు పెట్టే చోటికి 12 అంగుళాలు, పుష్‌రాడ్‌కి 2 అంగుళాలు. అంటే 6:1. కాలితో 75 పౌండ్ల బలం పెడితే పిస్టన్ మీద 450 పౌండ్లు పడుతుంది. సిలిండర్ బోర్ 1 అంగుళం అయితే వైశాల్యం 0.785 చదరపు అంగుళాలు, ప్రెషర్ సుమారు 573 పీఎస్‌ఐ. అదే బోర్ 1⅛ అంగుళాలయితే వైశాల్యం 0.994, ప్రెషర్ 453కి పడిపోతుంది. అదే కాలు, అదే బలం, ప్రెషర్ మాత్రం ఐదో వంతు తక్కువ.

మరి చిన్నది పెట్టేస్తే పోలా? పోదు. చిన్న సిలిండర్ ఒక్కో తొక్కుడుకి తోసే ఫ్లూయిడ్ కూడా తక్కువే. కాలిపర్లలో పెద్ద పిస్టన్లుంటే అవి బయటికి వచ్చి ప్యాడ్లని పట్టుకునేలోపు పెడల్ ఫ్లోర్‌కి తగులుతుంది. ముందు కాలిపర్ పిస్టన్ 2.5 అంగుళాలు, వెనకది దానికన్నా చిన్నది. బూస్టర్ లేదు. ఇవన్నీ చూసి మేం 1 అంగుళం దగ్గర ఆగాం. పాత బుల్లెట్‌కి డిస్క్ వేయించేవాళ్ళకి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. కాలిపర్ మార్చి, మాస్టర్ సిలిండర్ ఏదో ఒకటి తగిలిస్తే లివర్ రాయిలా అయినా ఉంటుంది, స్పాంజిలా అయినా ఉంటుంది.

నేను బిగించిన నట్

లైన్లకి 3/16 అంగుళం కాపర్-నికెల్ ట్యూబ్ వాడాం. చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు. దీన్ని చూసి మామూలు రాగి గొట్టం కూడా పనికొస్తుందనుకోకండి, అది బ్రేకులకి నిషిద్ధం. ట్యూబ్ చివర గరాటులా విప్పడాన్ని ఫ్లేర్ అంటారు. మన ఏసీ మెకానిక్‌లు చేయడం చూసే ఉంటారు. వాళ్ళది ఒకే మడత. బ్రేక్‌కి అంచుని లోపలికి మడిచి, 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్ చేయాలి. రేసింగ్ ఫిటింగులు 37 డిగ్రీలు, చాలా మెట్రిక్ బళ్ళలో బుడగ ఆకారం. ఒకదాని సీటులో ఇంకోటి సరిగా కూర్చోదు. కూర్చున్నట్టు మాత్రం కనిపిస్తుంది.

మా దగ్గర దెబ్బతిన్నది మరల దగ్గర. అమెరికన్ 3/16 ట్యూబ్‌కి వచ్చే నట్ 3/8-24. అంటే 9.5 మిల్లీమీటర్ల లావు, అంగుళానికి 24 మరలు. ఆన్‌లైన్‌లో కొన్న ప్రపోర్షనింగ్ వాల్వ్ పోర్టులేమో ఎం10 × 1.0. తేడా అర మిల్లీమీటరు. మర దూరం 1.06కి 1.0. నట్ చక్కగా తిరిగింది. కొంచెం లూజుగా ఉందనిపించింది కానీ, స్పానర్ వేశాక బిగిసింది కాబట్టి అయిపోయిందనుకున్నాను. అది బిగించింది నేనే.

ఎయిర్ తీశాక పెద్దాయన ఒక పని చేయించాడు. ప్రతి జాయింట్ కింద పేపర్ టవల్ ముక్క పెట్టి, పెడల్ మీద బలమంతా వేసి ఒక నిమిషం అలాగే తొక్కి ఉంచమన్నాడు. నలభై సెకన్ల దగ్గర పెడల్ జారుతున్నట్టు కాలికి తెలిసింది. వాల్వ్ కింద ముక్క తడిసింది. మెల్లగా తొక్కితే చుక్క కూడా రాలేదు, గట్టిగా తొక్కితేనే వచ్చింది. నట్ విప్పితే మరల కొసలు అరిగి వెండి పొడిలా రాలాయి. రోడ్డు మీద సడన్ బ్రేక్ వేసేదాకా అది బయటపడేది కాదు. పెద్దాయన తిట్టలేదు. డ్రాయర్‌లోంచి థ్రెడ్ గేజ్ తీసి నా చేతిలో పెట్టాడు, అంతే. ఆ వాల్వ్ పక్కన పడేసి 3/8-24 పోర్టులున్నది తెప్పించాం. ఆ తర్వాత ప్రతి నట్‌నీ ముందు వేళ్ళతో నాలుగైదు చుట్లు తిప్పి, ఊగుతోందా అని చూశాకే స్పానర్ ముట్టుకున్నాను.

వదిలేసినా పట్టుకునే ఉన్న బ్రేక్

ఇంకో సమస్య లీక్ కాదు. పెడల్ వదిలేశాక కూడా వెనక చక్రాలు చేత్తో తిప్పితే కష్టంగా తిరిగాయి. కారణం తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది. మేం కొన్న మాస్టర్ సిలిండర్ ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉన్న బండికి ఉద్దేశించినది. డ్రమ్ బ్రేకుల లైన్లో 10 పీఎస్‌ఐ దాకా ప్రెషర్ ఎప్పుడూ నిలిచి ఉండేలా ఒక చిన్న వాల్వ్ పెడతారు. వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు వదులై గాలి లోపలికి రాకుండా. డ్రమ్‌లో స్ప్రింగులు షూలని వెనక్కి లాగేస్తాయి కాబట్టి ఆ 10తో నష్టం లేదు. డిస్క్‌కి స్ప్రింగ్ లేదు. 10 పీఎస్‌ఐ ఉంటే ప్యాడ్లు రోటర్‌ని రాసుకుంటూనే ఉంటాయి. హైవే మీద అరగంట పోతే ఫ్లూయిడ్ వేడెక్కి మరుగుతుంది, ఆవిరి తయారవుతుంది, పెడల్ గాల్లోకి పోతుంది.

అలాగని వాల్వే లేకుండా వదిలేయడానికీ లేదు. మా సిలిండర్ ఫ్లోర్ కింద ఉంది, కాలిపర్లు దానికంటే ఎత్తులో ఉన్నాయి. వదిలేస్తే ఫ్లూయిడ్ కిందికి జారిపోతుంది. మొదటి తొక్కుడులో పెడల్ ఏమీ దొరకదు, రెండో తొక్కుడుకి దొరుకుతుంది. అందుకే నాలుగు డిస్కులకి సరిపోయే సిలిండర్ మార్చి, ముందూ వెనకా 2 పీఎస్‌ఐ వాల్వ్ చెరొకటి పెట్టాం.

ఫ్లూయిడ్ గురించి ఒక్క మాట: డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే కుటుంబం. డాట్ 5 సిలికాన్, వాటితో కలపకూడదు. పేరులో అంకె ఒకటే కదా అని 5ని, 5.1ని కలిపేవాళ్ళున్నారు. ఇలాంటి పేర్లు పెట్టినవాళ్ళే యూఎస్‌బీకి కూడా పేర్లు పెట్టారేమో అని నాకు అనుమానం.

చివరి సెట్టింగ్

ఖాళీ పికప్‌కి వెనక బరువుండదు. బ్రేక్ వేస్తే ఉన్న బరువు కూడా ముందుకి వస్తుంది. అప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది. ప్రపోర్షనింగ్ వాల్వ్ పని, ఒక ప్రెషర్ దాటాక వెనక లైన్లో ప్రెషర్ పెరిగే వేగాన్ని తగ్గించడం. ముందు బ్రేక్‌ని అది పెంచదు. నాబ్ ఎక్కడ ఉండాలో ఏ లెక్కా ఖచ్చితంగా చెప్పదు, తిప్పి చూడాల్సిందే.

ఒక ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌లో వెనక ప్రెషర్ బాగా తగ్గించి మొదలుపెట్టాం. 20 మైళ్ళ వేగంలో బ్రేక్, నాబ్ పావు చుట్టు, మళ్ళీ బ్రేక్. నేను పక్కన నిలబడి ఏ చక్రం ముందు జారుతోందో ఫోన్‌లో స్లో మోషన్ తీశాను. తొమ్మిదో సారి వెనకది ముందు జారింది. అర చుట్టు వెనక్కి తిప్పి, ఇంకో రెండు సార్లు వేశాం. రెండు సార్లూ ముందు చక్రాలే మొదట జారాయి. నాబ్ మీద తెల్ల పెయింట్‌తో గీత గీసి, వంద మైళ్ళ తర్వాత మళ్ళీ పేపర్ టవల్ టెస్ట్ చేయాలని పెద్దాయన గోడ మీద రాసుకున్నాడు. నేను బయల్దేరే రోజుకి 60 మైళ్ళయ్యాయి. తలుపులకి రంగు ఇంకా వేయలేదు.