సంధిపత్రములు – ప్రజాసభల సమ్మతి

సికింద్రాబాదు నివాసులమైన మనకు సంధిపత్రములు దూరపు సంగతులు కావు. ఈ పట్టణము సంధివలన పుట్టినదే. 1798లో నిజాము అలీఖాను గారికిని ఈస్టిండియా కంపెనీవారికిని జరిగిన ఒడంబడికచే కంపెనీ దండు ఈ రాజ్యమున స్థిరపడెను. ఆ దండు విడిసిన చోటికి 1806లో సికందర్ జా గారి పేర సికింద్రాబాదని నామకరణమయ్యెను. ఈలోగా 1800లోనే సంధి మార్చబడెను. దండును హెచ్చించి, దాని వ్యయమునకై కడప, బళ్లారి మొదలైన సీమలను నిజాముగారు కంపెనీకి విడిచిరి. దత్తమండలములను పేరు అట్లు వచ్చినది. 1853లో సైనిక వ్యయము నిమిత్తమే బీరారు, రాయచూరు, ధారాశివ ప్రాంతములు కంపెనీ చేతిలోనికి పోయెను. 1860లో మరల మార్పు జరిగి, బీరారు తప్ప తక్కిన రెండును తిరిగివచ్చెను. వీనిలో ఒక్కదానికైనను ఆ సీమలవారి సమ్మతి నడిగినవారు లేరు. అడుగుటకు ప్రజాసభయే లేదు. శిస్తు వసూలు చేయువాడు మారినప్పుడు గాని రైతునకు ప్రభువు మారినట్లు తెలిసియుండదు.

మరి నేడు పరదేశములతోడి సంధిని మార్చుటకు మన పార్లమెంటు సమ్మతి కావలెనా? కావలెననియే పలువురు తలంతురు. అమెరికా రాజ్యాంగము సంధులకు సెనేటులో హాజరైనవారిలో మూడింట రెండువంతుల సమ్మతి విధించినది. 1950 నుండి అమలులోనున్న మన రాజ్యాంగమున అట్టి నిబంధన లేదు. సంధి చేయుటయు మార్చుటయు కేంద్రప్రభుత్వము పని. ఆ మార్పు దేశములోని చట్టమును తాకినప్పుడు మాత్రము 253వ అధికరణము ననుసరించి పార్లమెంటు శాసనము చేయవలెను. చట్టమును తాకని మార్పులు సభలో వోటు లేకయే సాగిపోవచ్చును. ఇది కొరతయే యని నా అభిప్రాయము.

భూమి విషయము వేరు. 1958లో నెహ్రూగారును పాకిస్థాను ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూనుగారును పశ్చిమ బెంగాలులోని బేరుబారి యూనియనులో సగము పాకిస్థానునకు చెందునట్లు ఒప్పుకొనిరి. 1960లో సుప్రీముకోర్టు, దేశభూమిని పరరాజ్యమున కిచ్చుటకు రాజ్యాంగమునే సవరింపవలెనని అభిప్రాయమిచ్చెను. ఆ యేడే తొమ్మిదవ సవరణ జరిగెను; అయినను బేరుబారి చేతులు మారలేదు. 1974 నాటి బంగ్లాదేశపు ఒడంబడికలో అది మనకే నిలిచెను. ఆ ఒడంబడిక చెప్పిన తక్కిన భూముల మార్పిడికి నలువదియొక్క సంవత్సరములు పట్టెను. 2015లో నూరవ సవరణను పార్లమెంటు ఆమోదించిన పిదపనే 111 భారత భూఖండములు బంగ్లాదేశమునకును, 51 మనకును చేరెను. ఏ దేశపు పౌరులుగా నుండదలచితిరో తెలుపుడని అచ్చటి కుటుంబములను అడిగిరి.