వంగిన పాళీ – గుండ్రని అక్షరము

మదీనాగూడనుండి ఒక శ్రోత ఇటీవల మాకొక జాబు వ్రాసిరి. వారు హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగము చేయువారు. వారి చెల్లెలికి పెండ్లి కుదిరినది. అచ్చు శుభలేఖలు ఎన్ని పంచినను, దేవునియెదుట ఉంచు శుభలేఖను, మేనమామలకు ఇచ్చు నాలుగింటిని మాత్రము పెండ్లికూతురి అన్నయే స్వహస్తముతో వ్రాయవలెనని ఇంటి పెద్దలు కోరిరట. చదువు ముగిసిన తరువాత తెలుగున పట్టుమని పది పంక్తులైన వ్రాసి యెరుగనని వారి విచారము. చేతివ్రాత కొంత అందముగా కనబడునను ఆశతో ఒక ఫౌంటెన్ పెన్ను తెప్పించుకొనిరి. మూత తీసి చూడగా పాళీ కొన పైకి వంగియున్నది. దారిలో క్రిందపడి వంగినదేమో, త్రిప్పి పంపుదునా, లేక నేనే సరిచేసికొందునా అని వారి ప్రశ్న.

త్రిప్పి పంపనక్కరలేదు. సరిచేయుటకు అసలే పూనుకొనరాదు. ఆ వంపు దెబ్బవలన వచ్చినది కాదు. పనివారు కావలెనని పెట్టినది. చీనా, జపాను దేశములలో కుంచెతో వ్రాయుట పూర్వాచారము. కుంచెకొనను తేలికగా తాకించిన సన్నని గీతయు, అదిమిపట్టిన వెడల్పు గీతయు వచ్చును. కుంచె చేయు పనిని సిరాపెన్నుచేత చేయింపవలెనను కోరికనుండి ఈ వంగిన పాళీ పుట్టినది. జపాను భాషలో కుంచెను ‘ఫుదె’ అందురు. అందుచేత దీనికి ఫుదె పాళీ యని పేరు. చీనావారు దీనిని చిత్రకళకు తగిన కలమను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. 1911లో జపానులో నెలకొల్పబడిన సెయిలర్ సంస్థవారు ఇట్టి పెన్నులను 40 డిగ్రీలు, 55 డిగ్రీలు అను రెండు కోణములతో అమ్ముచున్నారు.

ఒకే కలముతో సన్నని గీతను, లావు గీతను వ్రాయుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. ఈ మూడింటికిగల భేదము తెలిసినగాని వంగిన పాళీయొక్క ప్రయోజనము బోధపడదు.

మొదటి మార్గము రెల్లుకలముది. హైదరాబాదు నగరమునకు ఇది చిరపరిచితము. ఉర్దూ లిపిని వ్రాయు కాతిబులు రెల్లుపుల్లను చెక్కి, దాని కొనను కత్తితో ఏటవాలుగా నరుకుదురు. కలమును ఒకే వాటమున పట్టి వ్రాయుటచేత, గీత సాగు దిక్కునుబట్టి దాని లావు మారును. నస్తాలీఖ్ వ్రాతలో అడ్డముగా సాగిన గీత నిండుగాను, నిలువుగా దిగిన గీత సన్నముగాను ఉండుటకు కారణమిదియే. అక్షరముల కొలతను సైతము ఆ కలపు మొనతో పెట్టిన చుక్కలతోనే లెక్కింతురు. కంప్యూటరు అక్షరములు రాకపూర్వము ఉర్దూ దినపత్రికలు కాతిబుల చేతివ్రాతనుండియే అచ్చగుచుండెడివి. ఛత్తాబజారులో శుభలేఖలు వ్రాయు కాతిబుల అంగళ్లు నగరవాసులకు తెలియనివి కావు.

రెండవ మార్గము ఒత్తిడి. సిరాబుడ్డిలో ముంచి వ్రాయు మెత్తని ఉక్కుపాళీకి నడుమ చీలిక యుండును. ఒత్తి వ్రాసినపుడు చీలికకు ఇరువైపులనున్న రెక్కలు విచ్చుకొని గీత లావగును. ఒత్తిడి తగ్గించిన సన్నగిల్లును. ఇంగ్లీషు దొరల కాలపు దస్తావేజులలో కనబడు ఒయ్యారపు రోమను వ్రాత ఈ మార్గమున వచ్చినదే. ఇందు క్రిందికి దిగు గీత లావు, పైకి పోవు గీత సన్నము. పైకి పోవునపుడు ఒత్తినచో పాళీ కాగితమును చీల్చును.

మూడవ మార్గమే వంగిన పాళీది. ఇందు ఒత్తిడితో పని లేదు. పెన్నును కాగితముపై ఎంత వాల్చితిమను దానినిబట్టి గీత మారును. వంగిన కొనకు అడుగున నున్నగా సానపట్టిన చిన్న పలక యుండును. పాళీకి పెట్టిన వంపునకు సరిపడునంతగా పెన్నును వాల్చినపుడు ఆ పలక మొత్తము కాగితమును తాకును. గీత మిక్కిలి వెడల్పగును. పెన్నును నిట్టనిలువుకు తెచ్చినకొలది పలక లేచి మొన మాత్రమే తాకును, గీత సన్నబడును. పెన్నును బోర్లించి పాళీ వీపుతో వ్రాసిన వెంట్రుకవంటి గీత వచ్చును. చేయి వాల్చి వ్రాయు అలవాటుగలవారికి 40 డిగ్రీల పాళీయు, కొంత నిలువుగా పట్టువారికి 55 డిగ్రీల పాళీయు అనుకూలించును.

ఇక తెలుగు లిపి సంగతి. మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసిరి. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయములో తెలుగు తాళపత్రములు నేటికిని భద్రముగా నున్నవి. గంటము సిరాతో వ్రాయునది కాదు, ఆకును గీరునది. గీరిన పిమ్మట మసి పూసి తుడిచిన, గాడిలో మసి నిలిచి అక్షరము కనబడును. ఆకు నారవెంట తిన్నగా గీచినచో ఆకు చీలును. మన అక్షరములు గుండ్రబడుటకు ఇదియొక కారణమని లిపిచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. గంటపు మొన ఒక్కటే సన్నము. కావున గీత మొదటినుండి తుదివరకు ఒకే లావున సాగెను. 19వ శతాబ్దమున బ్రౌను దొర పండితులను కుదిర్చి తాళపత్రములనుండి కాగితముపైకి ప్రతులు వ్రాయించినాడు. కాగితము వచ్చినది, కలము వచ్చినది. కాని ఏ గీత లావుగా నుండవలెను, ఏది సన్నగా నుండవలెనను నియమము మాత్రము ఉర్దూ కాతిబునకు గురువునుండి సంక్రమించినట్లు మన బడిపిల్లలకు సంక్రమింపలేదు.

ఇది లోపమని కొందరందురు. మాకట్లు తోచదు. రెల్లుకలము పట్టినవానికి లావు ఎచ్చట రావలెనో కలపు వాటమే నిర్ణయించును. ఉక్కుపాళీ పట్టినవాడు క్రిందికి దిగునపుడే ఒత్తగలడు. తెలుగు అక్షరమో, అన్ని దిక్కులకును తిరుగునది. ‘ఆ’ వ్రాయునపుడు చేయి ఎన్ని మలుపులు తిరుగునో గమనింపుడు. ఇట్టి లిపికి, వ్రాయువాడు కోరినచోట లావును, కోరినచోట సన్నమును ఇచ్చు సాధనము తగినది. వంగిన పాళీ చాలవరకు ఆ స్వేచ్ఛనిచ్చును. అయితే స్వేచ్ఛతోపాటు బాధ్యతయు వచ్చును. ఎచ్చట లావుగా వ్రాయవలెనో ముందుగా నిశ్చయించుకొననివాని వ్రాత, సిరా పొంగినట్లు కనబడునేగాని అందము పొందదు.

నిశ్చయించుకొనుట ఎట్లో చూపినవారు మనలోనే కలరు. చిత్రకారులు బాపుగారి (1933–2014) చేతివ్రాత ఇందుకు ఉదాహరణము. ఆ అక్షరములు కథల తలకట్టులనుండి సినిమా పేర్లవరకు వ్యాపించి, తుదకు కంప్యూటరు అక్షరములై నేడు తెలుగు శుభలేఖలపై విరివిగా కనబడుచున్నవి. అవి ఒకే లావున సాగవు. ఒకచోట బలిసి, ఒకచోట పలుచనై, కుంచె కదలికను స్ఫురింపజేయును. మా శ్రోత ఇంటికి వచ్చిన పాత శుభలేఖలను వెదకినచో అందొకటైన ఆ అక్షరములతో నుండక మానదు. దానిని ముందుంచుకొని ఏ గీత లావో, ఏది సన్నమో పరిశీలించుట మొదటి పాఠము.

రెండవ పాఠము సాధన. గీతల కాగితముపై మొదట అక్షరములు వ్రాయవలదు. పెన్నును నిలువుగా పట్టి ఒక వరుస సున్నలు, వాల్చి ఒక వరుస సున్నలు, బోర్లించి ఒక వరుస సున్నలు చుట్టవలెను. వాల్చి చుట్టిన సున్నలో ఒక వైపు లావుగను, ఒక వైపు కొంత సన్నముగను వచ్చుట గమనింపగలరు. పాళీకి అడ్డముగా సాగిన గీత నిండుగాను, పాళీ పొడవువెంట సాగిన గీత అంతకన్న పలుచగాను వచ్చుటయే దీనికి కారణము. చేతికి ఈ భేదము తెలిసిన పిమ్మట ఒక్క నియమము పెట్టుకొనవలెను. అక్షరపు ఒడలిని నడిమి వాటమున వ్రాసి, తలకట్టును, దీర్ఘపు తుదిని మాత్రము పెన్ను వాల్చి లావు చేయుట సులభమైన నియమము. వధూవరుల పేర్లను లావుగా, ముహూర్తమును వేదికను సన్నముగా వ్రాయుట మరియొకటి. రెండింటిని ఒకేసారి పెట్టుకొనినచో చేయి తడబడును. దినమునకు పావుగంట చొప్పున పక్షము దినములు అభ్యసించిన చాలును.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలెను. వెడల్పు గీతకు సిరా అధికముగా కావలెను. పాళీ క్రిందనున్న నల్లని నాలుకలోని సన్నని కాలువగుండా సిరా దిగును, సీసాలోని నీరు పోసినపుడు గాలి లోనికి పోవునట్లు ఇచ్చటను గాలి లోపలికి పోవుచుండును. త్వరపడి వ్రాసిన సిరా వెనుకబడి గీత నడుమ తెగును. కావున నిదానము అవసరము. పలుచని కాగితముపై సిరా అల్లుకొనును. దిట్టమైన నున్నని కాగితము మేలు. తుమ్మజిగురు కలిసిన మసిసిరాను ఈ పెన్నులో పోయరాదు. అది ఎండి కాలువను పూడ్చును. ఫౌంటెన్ పెన్నుకని అమ్ము సిరానే వాడవలెను. అట్టి సిరాలు పెక్కు తడి తగిలిన చెదరును. కావున శుభలేఖకు ముందుగా పసుపు పెట్టి వ్రాయరాదు. వ్రాసి, బాగుగా ఆరనిచ్చి, పిమ్మట అక్షరములకు దూరముగా నాలుగు మూలలను పసుపు అద్దవలెను.

మామూలు పాళీని పట్టుకారుతో వంచి ఇట్టి దానిని చేసికొందమని కొందరు యత్నింతురు. అది మేలు కాదు. వంచునపుడు చీలికయొక్క రెండు రెక్కలు ఎగుడుదిగుడగును, సిరా ఆగిపోవును, మొనకు అతికిన గట్టి లోహపు బొట్టు ఊడవచ్చును. వంచిన తరువాత అడుగును సానపట్టుటయే అసలు పని. దానికి నేర్పరియైన చేయి కావలెను. మా శ్రోత పెన్నునకు సరిచేయింపు అవసరమైనచో, మదీనాగూడ ప్రక్కనున్న మియాపూరులో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగినచో ఆబిడ్సు దగ్గరనే యున్నది. అచటి దక్కన్ పెన్ స్టోర్స్ పెన్నుల ప్రియులకు పాత చుట్టమువంటిది.

పెన్నుల పనితనము మన తెలుగువారికి క్రొత్త కాదు. గాంధీజీ స్వదేశీ ప్రబోధము విని రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నముగారు 1932 ప్రాంతమున ఫౌంటెన్ పెన్నుల తయారీ నారంభించిరి. వారు కుమరప్పగారి ద్వారా పంపిన పెన్నును వాడి చూచి, విదేశపు పెన్నులకు బదులుగా ఇది పనికివచ్చునను భావముతో గాంధీజీ 1935లో స్వయముగా లేఖ వ్రాసిరి. ఎబొనైటు కడ్డీని తరిమెనపట్టి పెన్ను చేయు ఆ వృత్తి రాజమహేంద్రవరములో నేటికిని సాగుచున్నది. కొనువారు పెన్నును వ్రాతకొరకు వాడుచున్నంతకాలమే ఆ చేతులకు పని యుండును. అద్దాల పెట్టెలో అలంకారముగా ఉంచినచో ఒక్కొక్కరికి ఒక్క పెన్ను చాలును. పాళీ అరుగదు, సిరా తరుగదు.

కావున మా శ్రోతకు మేము చెప్పునది ఇంతే. ఆ పాళీని వంగినది వంగినట్లే యుండనీయుడు. పెండ్లికి ఇంకను నెలదినములు వ్యవధి యున్నదని మీరే వ్రాసితిరి. అది చాలినంత కాలము. మొదటి వారమున సున్నలు వంకరపోవును, వ్రేళ్లకు సిరా అంటును, అందుకు వెరవవలదు. మేనమామగారు శుభలేఖ విప్పినపుడు అక్షరముల సొగసుకన్న ముందు అది ఎవరి చేతివ్రాతయో గుర్తించి ఆనందింతురు. మీ జాబు మాకు కంప్యూటరు అక్షరములలో వచ్చినది. పెండ్లి ముగిసి తీరిక చిక్కినపుడు ఆ పెన్నుతోనే రెండు పంక్తులు వ్రాసి పంపినచో, ఆ వ్రాత ఎట్లు కుదిరినదో మేమును చూచి సంతోషింతుము.