హెచ్చు ఆక్టేన్ పెట్రోలు: లీటరుకు చెల్లించే అదనం గిట్టుబాటేనా?

(మా వాణిజ్య విలేఖరి)

విజయనగరం: ఒకప్పుడు మన వర్తకుల ఇళ్ళ ముందు అంబాసిడర్లు, ఫియట్లు ఉండేవి. ఇప్పుడు ఆ చోట టర్బో ఇంజన్ల పెట్రోలు కార్లు కనిపిస్తున్నాయి. పలాస నుంచి శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం దాకా జాతీయ రహదారి మీద వీటి జోరుకు లోటు లేదు. చిక్కంతా పెట్రోలు పంపు దగ్గరే వస్తున్నది. మామూలు రకం పోయించాలా, ప్రీమియం రకం పోయించాలా? లీటరుకు అదనంగా ఇచ్చే రూపాయలు ఇంజను తిరిగి ఇస్తుందా, లేక పంపులోనే మిగిలిపోతున్నాయా?

మొక్కజొన్న బస్తా దగ్గర, జీడిపప్పు డబ్బా దగ్గర రూపాయికి పదిసార్లు బేరమాడే వర్తకుడు పెట్రోలు దగ్గరకు వచ్చేసరికి ధర హెచ్చు గనుక సరుకు మేలు అనుకుంటాడు. ఈ నమ్మకంలో సగమే నిజం. ఏ ఇంజనుకు ఏ రకం అన్నది తేలనిదే మేలు రకానికి చెల్లించిన ధర లాభమో నష్టమో తేలదు.

నెంబరు చెప్పేదేమిటి?

91, 95, 100 అని చెప్పుకునే ఆక్టేన్ నెంబరు పెట్రోలు బలాన్ని చూపే నెంబరు కాదు. సిలిండరులో పెట్రోలు, గాలి కలిసి నొక్కుకుపోయినప్పుడు, ప్లగ్గు నిప్పు అంటించిన మీదటే మంట వరుసగా వ్యాపించాలి. ఒత్తిడికి, వేడికి తట్టుకోలేక మిశ్రమంలో కొంత భాగం తనంతట తానే అంటుకుంటే ఇంజనులో టకటకమని శబ్దం వస్తుంది. దీనినే నాకింగ్ అంటారు. ఇది పదేపదే జరిగితే పిస్టను దెబ్బతింటుంది. ఇలా ముందే అంటుకోకుండా ఓర్చుకునే గుణానికి కొలత ఆక్టేన్ నెంబరు. నెంబరు పెరిగితే ఓర్పు పెరుగుతుంది. లీటరులోని వేడిమి దానివల్ల పెరగదు.

పలాస వర్తకులకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. జీడిపప్పులో 180 రకం అంటే పౌనుకు తూగే గుండు పప్పుల లెక్క. 320 రకంకంటే గింజ పెద్దది, ధర హెచ్చు. అంతమాత్రాన 180 గింజలో రుచి ఎక్కువేమీ ఉండదు. కానుక డబ్బాకు గుండు పప్పు కావాలి. మిఠాయి దుకాణానికి బద్ద చాలు. పాకంలో వేయడానికి 180 రకం కొన్న మిఠాయి వ్యాపారి సొమ్ము పోగొట్టుకుంటాడేగాని మిఠాయికి రుచి రాదు. పెట్రోలు సంగతీ ఇంతే.

పాత రోజుల్లో మన దేశంలో 87, 93 ఆక్టేన్ రకాలుండేవి. ఆక్టేన్ పెంచడానికి సీసం కలిపేవారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. తరువాత మామూలు రకానికి 91 ప్రమాణమైంది. ఆపైన ఎక్స్‌పీ 95, పవర్ 95, స్పీడ్ 97 వంటి రకాలు వచ్చాయి. ప్రీమియం పేరుతో అమ్మేవన్నీ హెచ్చు ఆక్టేన్ రకాలు కావని కూడా గమనించాలి. కొన్నింటిలో ఆక్టేన్ పెంచరు. ఇంజను లోపలి మసిని కడిగే రసాయనాలు మాత్రం కలుపుతారు. ఏది కొంటున్నామో అడిగి తెలుసుకుని కొనడం మంచిది.

టర్బో కార్ల ప్రత్యేకత

టర్బో ఉన్న ఇంజను గాలిని బలవంతంగా సిలిండరులోకి నెడుతుంది. చిన్న ఇంజను నుంచే పెద్ద బలం రాబడుతుంది. ఒత్తిడి, వేడి పెరుగుతాయి గనుక నాకింగ్ భయం కూడా పెరుగుతుంది. నేటి కార్లలో ఈ శబ్దాన్ని పసిగట్టే పరికరం ఉంటుంది. నాకింగ్ మొదలైన వెంటనే అది ప్లగ్గు నిప్పు అంటించే సమయాన్ని వెనక్కు జరుపుతుంది. ఇంజను క్షేమంగా ఉంటుంది. ప్రతిఫలంగా కొంత బలం, కొంత మైలేజీ తగ్గుతాయి. హెచ్చు ఆక్టేన్ పెట్రోలు పోస్తే తగ్గిన ఆ కొంత తిరిగి వస్తుంది. ఇంజను తయారీలో లేని బలాన్ని అది కొత్తగా తేలేదు.

అందుచేత ముందు చూడవలసింది కారు పెట్రోలు మూత లోపలి అక్షరాలు, కంపెనీ ఇచ్చిన పుస్తకం. అక్కడ 91 అని ఉంటే 91 చాలు; ఆపైన పెట్టేది దండగ. 95 వాడితే మేలు అని ఉంటే మామూలు రకంతోనూ బండి నడుస్తుంది. మేలు రకం వల్ల కాస్త తేడా ఉండవచ్చు. 95 తప్పనిసరి అని ఉంటే మాత్రం బేరం లేదు. అక్కడ లీటరుకు నాలుగు రూపాయలు మిగుల్చుకోబోయి ఇంజను మరమ్మతుకు వేలు పోయడం వ్యాపార లక్షణం కాదు. యూరప్ దేశాల్లో మామూలు పెట్రోలే 95 రకం గనుక అక్కడి కంపెనీల ఖరీదైన కార్లు ఎక్కువగా ఈ తరగతిలోకి వస్తాయి.

పద్దు రాసి చూస్తే

లెక్క సులువుగా ఉండేందుకు మామూలు పెట్రోలు లీటరు 110 రూపాయలు, ప్రీమియం 118 రూపాయలు అనుకుందాం. అసలు తేడా ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే కిలోమీటరుకు ఖర్చు 7 రూపాయల 33 పైసలు. ప్రీమియం పోస్తే 7 రూపాయల 87 పైసలు. రెండూ సమానం కావాలంటే ప్రీమియంతో బండి 16 కిలోమీటర్లకు పైగా, అంటే సుమారు 7 శాతం హెచ్చుగా నడవాలి. సంవత్సరానికి 12,000 కిలోమీటర్లు తిరిగే వర్తకుడికి 800 లీటర్లు పడుతుంది. మైలేజీ ఏమాత్రం పెరగకపోతే అదనపు ఖర్చు 6,400 రూపాయలు.

మరి మైలేజీ నిజంగా ఎంత పెరుగుతుంది? అమెరికా మోటారు సంఘం ట్రిపుల్ ఏ ఈ విషయమై రెండు పరీక్షలు జరిపించింది. మామూలు పెట్రోలు చాలునని రాసి ఉన్న కార్లలో మేలు రకం పోస్తే చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదని 2016లో తేలింది. ఈ విధంగా ఒక్క సంవత్సరంలో అమెరికా వాహనదారులు 210 కోట్ల డాలర్లకు పైగా వృథా చేశారని ఆ సంఘం లెక్కకట్టింది. మేలు రకం వాడితే మంచిదని కంపెనీలు సిఫారసు చేసిన కార్లను 2017లో పరీక్షించగా సగటున మైలేజీ 2.7 శాతం, బలం 1.4 శాతం పెరిగాయి. అక్కడ రెండు రకాల మధ్య ధర తేడా 20 నుంచి 25 శాతం. అంటే పెట్టుబడికి తగిన రాబడి లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు మామూలు పెట్రోలును 87 అంటారు. అది మన పాత 87 రకం కాదు. వారి కొలత పద్ధతి వేరు. వారి 87 మన 91కి దగ్గరగా ఉంటుంది. ఈ కారణంగా వారి పరీక్ష మనకూ పనికివస్తుంది. ఆ 2.7 శాతాన్ని మన లెక్కలో వేస్తే 800 లీటర్లకు బదులు సుమారు 779 లీటర్లు సరిపోతాయి. అయినా ఖర్చు 88,000 నుంచి సుమారు 91,900 రూపాయలకు పెరుగుతుంది. అంటే సంవత్సరానికి 3,900 రూపాయలు కేవలం బండి నడక నున్నగా ఉండడానికి, ఎండాకాలంలో నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను తడబడకుండా ఉండడానికి చెల్లించే ధర. కావాలనుకున్నవారు కొనుక్కోవచ్చు. ఆదా ఖాతాలో మాత్రం దానిని రాయరాదు.

నూరు ఆక్టేన్ రకం

ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరు 1న ఎక్స్‌పీ 100 పేరుతో నూరు ఆక్టేన్ రకాన్ని మధుర రిఫైనరీ నుంచి విడుదల చేసింది. మొదట ఢిల్లీ, ముంబయి వంటి 10 నగరాలకు పంపింది. ఆనాడు ఢిల్లీలో మామూలు పెట్రోలు సుమారు 82 రూపాయలుండగా దీని ధర 160 రూపాయలు. అంటే దాదాపు రెట్టింపు. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు ఈ ధరకు గిట్టాలంటే 29 కిలోమీటర్లు నడవాలి. ఏ పెట్రోలూ ఆ పని చేయలేదు. పందెపు కార్లకు, అంత హెచ్చు ఒత్తిడికి తయారైన ఇంజన్లకు ఉద్దేశించిన సరుకు ఇది. కొట్టు నుంచి గొడౌనుకు తిరిగే కారుకు దీనితో పని లేదు.

ఇథనాల్ తెచ్చిన మార్పు

ఈ లెక్కలన్నింటినీ ఇప్పుడు ఇథనాల్ తారుమారు చేసింది. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా పరచుకుంది. ఇథనాల్ ఆక్టేన్ నెంబరు సుమారు 108. అందుచేత 20 శాతం కలిపిన మామూలు పెట్రోలు ఆక్టేన్ ఇప్పుడు 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఆ ప్రకారం మూత మీద 95 అని రాసి ఉన్న కారుకు కూడా మామూలు రకమే సరిపోవాలి. ఇక 95 రకానికి అదనం ఇవ్వడంలో మిగిలేది కడిగే రసాయనాల విలువ మాత్రమే.

దీనికి మరో వైపు ఉంది. లీటరు ఇథనాల్‌లో వేడిమి లీటరు పెట్రోలుకంటే సుమారు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతానికి సరిచేసిన కార్లలో 20 శాతం మిశ్రమం వల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. 10 శాతానికి తయారై, 20 శాతానికి సరిచేసిన కార్లలో తగ్గుదల 1 నుంచి 2 శాతమే. తగ్గిన ఈ మైలేజీని రాబట్టుకునేందుకు కొందరు 95 ప్రీమియం రకానికి మారుతున్నారు. ఆ రకంలోనూ ఇథనాల్ కలుపుతున్నారు గనుక ఆ ఆశ ఫలించదు.

పన్ను, సరిహద్దు

పెట్రోలు ధరలో పన్ను భాగం వర్తకులకు తెలియనిది కాదు. 2021 బడ్జెట్‌లో మామూలు పెట్రోలు మీద మూల ఎక్సైజు లీటరుకు 1 రూపాయి 40 పైసలైతే, బ్రాండు పేరుతో అమ్మే దాని మీద 2 రూపాయల 60 పైసలు. మన రాష్ట్రంలో 31 శాతం వ్యాట్‌కు తోడు 2020 నుంచి లీటరుకు 4 రూపాయలు, 1 రూపాయి రోడ్డు సెస్సు చేరాయి. వ్యాట్ శాతం లెక్కన పడుతుంది గనుక మేలు రకానికి కంపెనీ వేసే అదనం మీద కూడా పన్ను పడుతుంది. కొనుగోలుదారు ఇచ్చే 8 రూపాయల్లో కొంత ఇంజను దాకా రానే రాదు.

ఒరిస్సాలో 2021 నవంబరులో వ్యాట్ 28 శాతానికి తగ్గింది. బరంపురంలో పని ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట వర్తకులు రెండు వైపుల బోర్డులూ చూసి ట్యాంకు నింపుకుంటే ఆదా నికరంగా కనిపిస్తుంది. పెట్రోలు కోసమే వెళ్ళి రావడం మాత్రం తెలివైన పని కాదు. రానుపోను పెట్రోలుకే ఆ ఆదాలో చాలా భాగం పోతుంది.

నడవని సరుకు

మన రెండు జిల్లాలకు పెట్రోలు ముఖ్యంగా విశాఖపట్నం నుంచి ట్యాంకర్లలో వస్తుంది. అక్కడి రిఫైనరీని 1957లో కాల్టెక్స్ ప్రారంభించగా, అది 1978లో హిందూస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. దూరం తక్కువ గనుక మామూలు రకం తాజాగానే అందుతుంది. ప్రీమియం రకం చిన్న ఊళ్ళలో రోజుకు ఎంత అమ్ముడవుతుందన్నది వేరే ప్రశ్న. పెట్రోలులోని తేలిక భాగం నిలవలో ఆవిరవుతుంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువగా చేరితే అడుగున విడిపోతుంది. వానాకాలంలో సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ సంగతి మరచిపోరాదు. నడవని సరుకు ఎంత మేలు రకమైనా పాత సరుకే.

మరొక మాట. మామూలు పెట్రోలుతో ఇంజను శబ్దం చేస్తే వెంటనే రకం మార్చనక్కరలేదు. ముందు పంపు మార్చి చూడాలి. కిరోసిన్ వంటివి కలిస్తే ఆక్టేన్ పడిపోతుంది. వడపోత కాగితం పరీక్ష, సాంద్రత పరీక్ష, 5 లీటర్ల కొలత అడిగే హక్కు ప్రతి కొనుగోలుదారుకూ ఉంది.

సారాంశం

95 తప్పనిసరి అని రాసి ఉన్న కారుకు ఆ స్థాయికి తగ్గని పెట్రోలే పోయాలి. సిఫారసు మాత్రమే ఉన్న కారుకు అది సుఖం కోసం పెట్టే ఖర్చు. 91 చాలునన్న కారుకు దండగ. అనుమానం తీరనివారు ఒకే పంపులో, ఒకే దారిలో మూడు ట్యాంకులు మామూలు రకం, మూడు ట్యాంకులు ప్రీమియం నింపి, లీటర్లు, కిలోమీటర్లు పద్దు పుస్తకంలో రాసుకుంటే తమ కారు సంగతి తామే తేల్చుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ఈ జిల్లాల ధాన్యం వర్తకులకు మరింత దగ్గరిది. 2023-24 సరఫరా సంవత్సరంలో దేశంలో ఇథనాల్ తయారీకి చెరకును మించి మొక్కజొన్న ముఖ్యమైన ముడిసరుకైంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రబీ మొక్కజొన్నకు దాణా మిల్లులతో పాటు డిస్టిలరీల గిరాకీ కూడా తోడైంది. పంపు దగ్గర ఎనిమిది రూపాయలు మిగుల్చుకోవడం ఎంత అవసరమో, క్వింటాలు దగ్గర ఈ గిరాకీని గమనించడం అంతకు మించి అవసరం.