క్రిమి కంచంలో కూడు లాగేసే మైటోకాండ్రియా: అపోహలు – వాస్తవాలు

అపోహ: మైటోకాండ్రియా పని శక్తి తయారీ ఒక్కటే.

వాస్తవం: ‘కణ శక్త్యాగారాలు’ అని బళ్లో మనం రాసిన జవాబు తప్పు కాదు, అది సగం మాత్రమే. కణంలోకి వైరస్ దూరితే దాని ఆర్‌ఎన్‌ఏని రిగ్-ఐ అనే ప్రోటీన్ పసిగడుతుంది. ఆ కబురు అందుకునే మావ్స్ అనే ప్రోటీన్ ఉండేది ప్రధానంగా మైటోకాండ్రియా పైపొర మీదే. అక్కడి నుంచే వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ల తయారీకి పిలుపు వెళుతుంది, ఇరుగుపొరుగు కణాలూ మేలుకుంటాయి. ఇది 2005లో బయటపడింది. హెపటైటిస్-సి వైరస్ తన ఎంజైముతో కత్తిరించేది ఈ మావ్స్‌నే. శత్రువు గురి ఎక్కడుందో చూస్తే దాని విలువ తెలుస్తుంది.

అపోహ: క్రిమిని చంపితేనే రక్షణ.

వాస్తవం: తిండి దొరక్కుండా చేయడమూ రక్షణే. నన్ను బాగా ఆకట్టుకున్నది టాక్సోప్లాస్మా కథ. పిల్లుల మలం ద్వారా, సరిగా ఉడకని మాంసం ద్వారా సోకే ఏకకణ పరాన్నజీవి ఇది. గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు ముప్పు. ఈ క్రిమి కణంలో ఒక సంచి కట్టుకుని అందులో పెరుగుతుంది. శాస్త్రవేత్త లీనా పెర్నాస్ బృందం 2018లో గమనించిందేమిటంటే, మైటోకాండ్రియా ఒకదానితో ఒకటి కలిసిపోయి, క్రిమికి కావలసిన కొవ్వు ఆమ్లాలను ముందే లాగేసుకుంటాయి. 2025లో అదే బృందం మరో సంగతి చెప్పింది. సోకిన కణంలో ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ మేల్కొని మైటోకాండ్రియా డీఎన్‌ఏని పెంచుతుంది. దాంతో మైటోకాండ్రియా ఫోలేట్ అనే విటమిన్‌ని ఎక్కువగా వాడేసుకుంటాయి. డీఎన్‌ఏ కట్టుకోవడానికి క్రిమికీ ఫోలేటే కావాలి. అది చాలక దాని పెరుగుదల మందగిస్తుంది. ఒకే వంటింట్లో ఇద్దరి పోటీ ఇది.

అపోహ: అయితే ఫోలేట్ అందించే ఫోలిక్ యాసిడ్ మాత్రలు క్రిములకు మేత.

వాస్తవం: దయచేసి అలా అనుకోవద్దు. పై పోటీ ఒక్కో కణం లోపలి వ్యవహారం. గర్భిణులకు ఇచ్చే ఆ మాత్రలు బిడ్డ వెన్నుపాము, మెదడు లోపాలను నివారిస్తాయి. డాక్టర్ చెప్పకుండా మానకూడదు.

అపోహ: తెల్ల రక్తకణాలకు మైటోకాండ్రియాతో పనిలేదు.

వాస్తవం: మాక్రోఫేజ్ అనే తెల్ల రక్తకణం బ్యాక్టీరియాను మింగి ఒక సంచిలో బంధించాక, మైటోకాండ్రియా ఆ సంచి దగ్గరికి చేరి చురుకైన ఆక్సిజన్ అణువులతో బ్యాక్టీరియాను చంపడంలో తోడ్పడతాయి.

అపోహ: ఈ కాపలా ఎప్పుడూ మేలే చేస్తుంది.

వాస్తవం: మైటోకాండ్రియా ఒకప్పటి బ్యాక్టీరియా సంతతి. అందుకే పెద్ద ప్రమాదంలో కణాలు చితికి మైటోకాండ్రియా ముక్కలు రక్తంలో కలిస్తే, రోగనిరోధక వ్యవస్థ వాటిని బ్యాక్టీరియాగా పొరబడుతుంది. క్రిమి ఒక్కటీ లేకుండానే ఒళ్లంతా వాపు ప్రక్రియ మొదలవుతుంది.